బోర్డు మీద మిగిలిన బిళ్ళ

కోలారు దగ్గర వేమగల్‌లోని మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎవరి కంప్యూటర్ మొరాయించినా మొదట వినిపించేది నేత్రావతి పేరే. "నేత్రక్కా, పాస్‌వర్డ్ తీసుకోలేదక్కా" అని కేక వేస్తారు. తీసుకోకపోవడానికి అదేమైనా లంచమా అని నేను వెక్కిరిస్తాను. ఆమె నవ్వదు. చేతిలో పని పక్కన పెట్టి లేచి వెళ్తుంది.

వెళ్ళి అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఏమని వచ్చింది?" మావాళ్ళ జవాబూ ఎప్పుడూ ఒకటే. "ఏమో అక్కా, ఇంగ్లీషులో ఏదో డబ్బా వచ్చె. ఓకే కొట్టేస్తిని." ఎర్ర గుర్తుతో ఏది కనిపించినా చదవకుండా ఓకే నొక్కడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య. నేనూ అంతే. ల్యాబులో ఉండే జయరాం ఒకరోజు లోపలికి పోలేక ఏడుపు ముఖం పెట్టుకుని కూర్చున్నాడు. చూస్తే అతని కీబోర్డు కన్నడానికి మారి ఉంది. పాస్‌వర్డ్ గడిలో కనిపించేవి చుక్కలే కాబట్టి ఏ భాషలో కొడుతున్నాడో అతనికే తెలియలేదు. నేత్రావతి ఒక మీట నొక్కి, ముఖం పక్కకు తిప్పుకుని, "ఇప్పుడు కొట్టప్పా" అంది.

ఆ ముఖం తిప్పుకోవడం ఆమె అలవాటు. ఎవరు పాస్‌వర్డ్ కొడుతున్నా గోడ వైపో కిటికీ వైపో చూస్తుంది. డేటాబేస్ తాళాలన్నీ ఆమె చేతిలోనే ఉన్నాయి, ఇంక ఈ మడి దేనికని నేను ఒకసారి అడిగాను. "నాకు కూడా కనపడదక్కా. ఒకరి పాస్‌వర్డ్ నేను మార్చగలను గానీ చూడలేను. అట్లాంటప్పుడు కళ్ళతో దొంగిలిస్తే ఏం బాగుంటాది?" అంది. నేను కొనుగోళ్ళ విభాగంలో ఆమె పక్క బల్ల దాన్ని. పేరు నాగరత్న. నాకు అంత మర్యాద లేదు. ఎదుటివాడు ఏం కొడుతున్నాడో చూడకపోతే నాకు అన్నం సహించదు.

నేత్రావతిది కేజీఎఫ్, కోలారు బంగారు గనుల ఊరు. తాత చిత్తూరు వైపు నుంచి గనుల్లో పనికి వచ్చాడు, నాన్న కూడా గనిలోనే చేశాడు. గని మూతపడ్డాక కార్మికుల లైను ఇళ్ళలోనే ఉండిపోయారు. డిప్లొమా చదివి మా ఫ్యాక్టరీకి వచ్చినప్పుడు ఆమెకు డేటాబేస్ అంటే ఏమిటో తెలియదు. నేర్పినవాడు, ఆమెకు ముందు ఆ పని చూసిన వసంత్. అతనిదీ కేజీఎఫే. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే మేనమామ పాపన్న పెంచాడు. ఆ పాపన్న పాత గని కార్మికుడు.

వసంత్ పాఠం చెప్పిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది, నా బల్ల పక్కనే కదా. "గనిలోకి దిగే ముందు మనవాళ్ళు ఏం చేస్తా ఉండిరి? నంబరు బిళ్ళ తీసుకొనిపోయి బోర్డుకు తగిలిస్తా ఉండిరి. ఆ నంబరు మనిషివి నువ్వేనా అని టైంకీపరు చూసేది లాగిన్. ఏ లెవెల్ దాకా దిగొచ్చు అనేది పర్మిషన్. అంతే, ఇంగేమీ లేదు." ఎక్కడో పెద్ద ఊళ్ళో చదివినవాడు చెబితే ఆమె భయపడి ఉండేది. బిళ్ళ అనేసరికి ఆమెకు ఇంట్లో మాటలా వినిపించింది. షిఫ్టు అయిపోయాక ఎవరి బిళ్ళ బోర్డుకు మిగిలిందో, ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. ఆ సంగతి వాళ్ళ వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఇంకో మాట కూడా చెప్పాడు. "లాగిన్ ఫెయిల్ అయినప్పుడు బయట నిలబడినవానికి ఫెయిల్ అని మాత్రమే చెప్తాది. ఎందుకని చెప్పదు. పాస్‌వర్డ్ తప్పా, అసలు ఆ పేరే లేదా అనేది లోపల లాగ్‌లో మాత్రం రాసుకొంటాది. బయటి మాట నమ్మొద్దు, లోపల చూడు." అప్పటినుంచి నేత్రావతి పొద్దున రాగానే, టీ కూడా తాగకుండా, ఆ లాగ్ తెరుస్తుంది.

వాళ్ళిద్దరూ కేజీఎఫ్ నుంచి కంపెనీ బస్సులో పక్కపక్కనే కూర్చుని వచ్చేవాళ్ళు. నేను కోలారులో ఎక్కేదాన్ని. ఏమే, పెళ్ళి భోజనం ఎప్పుడు అని నేను ఆటపట్టిస్తే ఆమె నా చెయ్యి గిల్లేది, అతను కిటికీలోంచి బయటికి చూసేవాడు. ఒక శుక్రవారం సాయంత్రం బస్సు దిగేటప్పుడు వసంత్ ఆమెతో, "సోమవారం నీకు ఒక మాట చెప్పాల. మర్చిపోతానేమో, గుర్తు చెయ్యి" అన్నాడట. సోమవారం అతను రాలేదు. ఫోన్ మూగబోయింది. పాపన్న పోలీసులకు కంప్లయింటు ఇచ్చాడు. ఒకరు పలమనేరులో చూశామన్నారు, ఇంకొకరు హోసూరులో చూశామన్నారు. వెతికినచోట మాత్రం మనిషి దొరకలేదు.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. నాకు వసంత్ మీద ఇప్పటికీ కోపమే. పోయేవాడు పోవచ్చు, మాట ఒకటి మధ్యలో వదిలేసి పోవడం ఏం పద్ధతి? ఈమె దాన్ని పట్టుకుని వేలాడుతోంది. సంబంధాలు వస్తే తల ఊపదు, కాదనదు. ఒకరోజు బస్సులో ఉన్నట్టుండి అంది. "అక్కా, ఆయప్ప ఏం చెప్పాలనుకొన్నాడో తెలిస్తే చాలు. మంచిదైనా సరే, చెడ్డదైనా సరే. అది తెలీకుండానే నాకు తల నెరిసిపోతాదేమో."  ఊరికే చెయ్యి పట్టుకున్నాను.

ఈ ఏడు మామిడి సీజనుకు ముందు ఫ్యాక్టరీలో కొత్త సర్వర్ పెట్టారు. ఆంధ్ర సరిహద్దు దగ్గర నంగలిలో మాకు ఒక యార్డు ఉంది. చిత్తూరు వైపు నుంచి వచ్చే మామిడి లారీలు అక్కడి కాటా మీద తూగి ఇటు వస్తాయి. ఇన్నాళ్ళూ ఆ యార్డు కంప్యూటర్ దాని మానాన అది ఉండేది, లెక్కలు పెన్‌డ్రైవులో వచ్చేవి. ఇప్పుడు దాన్ని కూడా లైను వేసి వేమగల్ సర్వర్‌కు కలిపారు.

పాత సర్వర్ నుంచి కొత్తదానికి మారేటప్పుడు ఒక చిక్కు వస్తుందట. డేటాబేస్‌ను ఇల్లు అనుకుంటే, లోపలి మనుషుల పేర్లు దానితో పాటు వస్తాయి గానీ గేటు దగ్గరి పేర్లు, అంటే లాగిన్‌లు, పాత సర్వర్‌లోనే ఉండిపోతాయి. గేటులో పేరు లేని ఆ లోపలి పేర్లను వీళ్ళ భాషలో అనాథలంటారు. నేత్రావతి ఒక్కొక్క అనాథకు గేటులో మళ్ళీ పేరు రాసి, లోపలి పేరుతో జత చేసింది. చివరికి ఒక్క పేరు మిగిలింది, వసంత్. ఉద్యోగం వదిలి పోయినవాడి పేరు పారేయాలి, అదే రూలు. పారేయలేదు. కొత్త పాస్‌వర్డ్ ఒకటి పెట్టి అతని పేరు కూడా గేటులో రాసింది. నేను చూస్తూనే ఉన్నాను. చూడనట్టు మామిడికాయ రేట్లు టైపు చేసుకున్నాను.

మరుసటి పొద్దున ఆమె లాగ్ తెరిచి, నా మోచెయ్యి పట్టి లాగింది. వసంత్ అనే యూజర్ లాగిన్ ఫెయిల్ అయింది, కారణం పాస్‌వర్డ్ సరిపోలేదు అని ఉంది. పక్కనే వచ్చిన చోటు, నంగలి యార్డు కంప్యూటర్.

"ఏదో పాత ప్రోగ్రాం లేవే. ఆయప్ప పేరు పెట్టుకొని ఇంకా తడతా ఉంటాది" అన్నాను. నాకు కూడా నాలుగు ముక్కలు వచ్చు మరి, ఇన్నేళ్ళు ఆమె పక్కన కూర్చుని.

"ప్రోగ్రాం అయితే దినామూ అదే నిమిషానికి తట్టాల కదక్కా" అంది. చూస్తూ పోయాం. ఒకరోజు ఏడు కొట్టేముందు, ఒకరోజు కొట్టిన తరువాత. ఆదివారం లేదు. ఒకరోజు చాలా ఆలస్యంగా వచ్చింది. ఏమా రోజు అని క్యాలెండర్ చూస్తే అమావాస్య. అది నాకు వెంటనే తెలిసిపోయింది. అమావాస్య నాడు మా యార్డులో కాటాకు పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టిన తరువాతే మొదటి లారీని ఎక్కిస్తారు. ఆ మాట నోరు జారి అనేశాను. నేత్రావతి ముఖం చూసి నాలుక కరుచుకున్నాను.

"మిషను గుమ్మడికాయ కొట్టదు కదక్కా" అంది.  "మనిషే. ఆయప్పే. పాపన్నప్ప ఆ యార్డులోనే కదా ఉండేది. మామ దగ్గరికి వచ్చి ఉంటాడు. లోపలికి రావాలని చూస్తా ఉండాడు, నేనేమో తాళం మార్చి పెట్టినాను."

పాపన్నను యార్డులో వాచ్‌మన్‌గా పెట్టించింది వసంతే. ఫోన్ చేసి కనుక్కో అన్నాను. చేయనంది. తెలిసిపోయిందని మళ్ళీ ఎటైనా పోతాడేమోనని భయం. ఆ రోజుల్లో నేత్రావతిని చూడాలి. బస్సులో నాకంటే ముందే కబుర్లు మొదలుపెట్టేది. చాలా కాలానికి జడలో కనకాంబరాలు కనిపించాయి. నాకు లోపల ఒకటే దిగులు. అది నిజం కాకపోతే ఈ పిల్ల ఏమైపోతుంది?

అంతలో మా మేనేజర్ మోహన్‌కుమార్ పిలిచాడు. ఆడిటువాళ్ళు వస్తున్నారు, వెళ్ళిపోయినవాళ్ళ లాగిన్‌లు ఒక్కటి కూడా ఉండకూడదు, శనివారంలోగా వసంత్ పేరు తీసేయాలి అన్నాడు. ఆయన తప్పేం లేదు, అయినా ఆ రోజు ఆయన మీద నాకు ఒళ్ళు మండింది. నేత్రావతి తల ఊపి వచ్చి, "రేపు నంగలికి పోదామక్కా" అంది.

తెల్లారి మొదటి చిత్తూరు బస్సు పట్టుకున్నాం.  ముళబాగిలు దాటాక ఆమె ఒళ్ళో బ్యాగును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. నంగలిలో దిగి యార్డుకు నడిచేసరికి కాటా గది తలుపు అప్పుడే తెరుస్తున్నారు. తెరుస్తున్నది పాపన్న. మనిషి బాగా చిక్కిపోయాడు. మమ్మల్ని చూసి చేతిలో తాళం అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"అప్పా, వసంత్ వచ్చినాడా?" అని నేత్రావతి అడగడం, "అమ్మా, వసంత్ సంగతి ఏమన్నా తెలిసిందా?" అని ఆయన అడగడం, రెండూ ఒక్కసారే జరిగాయి.

ఇద్దరి ముఖాల్లోనూ ఒకే ఆశ. ఎదుటివాళ్ళ ముఖం చూడగానే ఇద్దరిలోనూ ఒక్కసారే ఆరిపోయింది. అది చూసిన నా కళ్ళు పోవాలి. అంత కష్టం పగవాళ్ళకు కూడా వద్దు.

కాసేపటికి నేత్రావతే తేరుకుని, "మరి దినామూ పొద్దున ఆయప్ప పేరు కొట్టేది ఎవరప్పా?" అంది.

"నేనే అమ్మా" అన్నాడు పాపన్న బెదురుగా. "తప్పా ఏమన్నా? కాటా బాబు జగదీష్ వచ్చే లోపల రూము ఊడ్చి, మిషను ఆన్ చేసి, మొదట వాని పేరు కొడతాను. వాడు సీజనులో ఈ యార్డు లెక్కలు చూసేదానికి వచ్చినప్పుడు నేర్పించినాడు. నేను లారీ కోసం బయట ఉంటే నువ్వు నా పేరు కొట్టి పెట్టు మామా అని చెప్పినాడు. నాకు ఇంగ్లీషు రాదు. ఏ మీట తరువాత ఏ మీటో చూపించినాడు, అంతే. రాండి, చూపిస్తాను."

ఆయన కుర్చీ అంచున కూర్చుని, చూపుడు వేలితో ఒక్కో మీటా వెతుక్కుంటూ వసంత్ పేరు కొట్టాడు. తరువాత పాస్‌వర్డ్ గడిలోకి వెళ్ళాడు. నేత్రావతి అలవాటుగా ముఖం పక్కకు తిప్పుకుంది. కిటికీలోంచి బయట కాటా వైపు చూస్తూ నిలబడింది. నేను తిప్పుకోలేదు. తెర మీద చుక్కలే పడుతున్నాయి గానీ మీట మీద వేలు కనిపిస్తూనే ఉంది. ముసలాయన వేలు ఎంత నిదానంగా కదిలిందంటే, చదువుకోవడానికి కావలసినంత తీరిక దొరికింది. ఎన్. ఈ. టీ. హెచ్. ఆర్. ఏ. ఆ తరువాతి మీటలు నేను చూడాల్సిన పని లేదు, అయినా చివరిదాకా చూశాను. నేత్రావతి. తన పేరు ఇంగ్లీషులో ఎలా రాస్తారో కూడా ఆ ముసలాయనకు తెలియదు, ఎవరి పేరు కొడుతున్నాడో ఎలా తెలుస్తుంది?

డబ్బా వచ్చింది, ఎర్ర గుర్తుతో. లాగిన్ ఫెయిల్డ్ ఫర్ యూజర్ వసంత్. కింద ఓకే.

"చూడమ్మా, ఓకే అంటాది" అన్నాడు పాపన్న, సంతోషంగా. "ముందంతా లోపలికి పోతా ఉండె. ఈ సీజనులో లైను వేసినప్పటినుంచి లోపలికి పోదు, ఓకే అని మాత్రం అంటాది. పెద్దాఫీసు కదా, ఇంగ అంతేనేమో అనుకొంటిని. ఆ రెండక్షరాలు మాత్రం నాకు తెలుసు."

నేత్రావతి ఆయన పక్కన స్టూలు మీద కూర్చుంది. "అప్పా, అది సరే అని చెప్పడం కాదు. ఈ మాట నువ్వు చూసినావా అని అడగడం. పైన రాసింది, లోపలికి రానివ్వలేదు అని."

పాపన్న తెర వైపు చాలాసేపు చూశాడు. "అట్లనా" అన్నాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నేను వాని బిళ్ళ తగిలిస్తా ఉండానని అనుకొంటిని అమ్మా. గనిలో ఉన్నప్పుడు, మనిషి పైకి రానిదే బోర్డు మీద బిళ్ళను ఎవురూ ముట్టుకోకూడదు. తీసేస్తే మనిషి లేడని మనమే చెప్పినట్లు కదా. వీని బిళ్ళ కూడా దినామూ బోర్డు మీద ఉండాల అని..." 

"ఇంగొకటి చెప్పాల అప్పా" అంది నేత్రావతి.  "ఆయప్ప పేరు తీసేయమని ఆఫీసులో చెప్పినారు. నేనే తీసేయాల."

ఆయన తల వంచుకున్నాడు. బయట ఒక లారీ వచ్చి హారన్ కొట్టింది. ఎవరూ లేవలేదు.

"నేను ఇట్ల పేరు కొడితే ఆ పక్క ఏమన్నా తెలుస్తాదా అమ్మా?" అన్నాడు కొంతసేపటికి.

"తెలుస్తాది. ప్రతిసారీ రాసుకొంటాది."

"పేరు తీసేసినాక?"

"తీసేసినాక కూడా రాసుకొంటాది అప్పా. ఈ పేరుతో ఎవురూ లేరు అని రాస్తాది. కానీ పేరు మాత్రం పడతాది."

"ఎవురన్నా చూస్తారా దాన్ని?"

"నేను చూస్తాను" అంది నేత్రావతి. "దినామూ. టీ తాగక ముందే."

పాపన్న ఆమె తల మీద చెయ్యి వేశాడు. తరువాత లారీకి గేటు తీయడానికి వెళ్ళాడు.

తిరుగు బస్సులో నా నోరు ఊరుకుంటుందా? చెబితే గాయం రేగుతుంది, చెప్పకపోతే నా కడుపు ఉబ్బుతుంది. ఆమే అడగాలని ఎదురుచూశాను. ముళబాగిలులో బస్సు ఆగినప్పుడు అడిగింది, నా వైపు చూడకుండానే. "అక్కా, మీరు ముఖం తిప్పుకొనుండరు కదా."

"లేదే తల్లీ. నాకు ఆ అలవాటు లేదు."

"పాస్‌వర్డ్ ఎవురికీ చెప్పకూడదక్కా" అంది.  తరువాత చిన్నగా, "కొత్త మాటా? నాకు తెలిసిన మాటేనా?" అంది.

"నువ్వు దినామూ సంతకం పెట్టే మాటే" అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కోలారు వచ్చేదాకా ఏడ్చింది. నేను ఓదార్చలేదు. రెండేళ్ళుగా ఆగిపోయిన ఏడుపు అది, రానీ అనుకున్నాను. వసంత్ మీద నా కోపం మాత్రం తగ్గలేదు. పెరిగింది. మీటలకు చెప్పుకున్నవాడికి మనిషికి చెప్పడానికి ఏమొచ్చింది?

శనివారం ఆమె అతని పేరు తీసేసింది. ఒక్క వరుస రాసి మీట నొక్కేసరికి అయిపోయింది. తరువాత చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు తెర చూస్తూ కూర్చుంది. సోమవారం పొద్దున లాగ్‌లో వసంత్ పేరు పడింది. కారణం మాత్రం మారింది, ఈ పేరుతో లాగిన్ లేదు అని. ఆమె దాన్ని చదివి, నాకు కూడా చూపించి, అప్పుడు టీకి లేచింది.

సీజను అయిపోవచ్చింది. లారీలు పలచబడ్డాయి. వసంత్ వస్తాడని ఆమె అనదు, రాడని కూడా అనదు. ఒక్కోసారి ఆ వరుస మీద వేలు పెట్టి, "ఎంత బాగుండు అక్కా, నిజంగా ఆయప్పే అయితే" అంటుంది. సంబంధం ఒకటి వచ్చిందట, ఆలోచిస్తానని ఇంట్లో చెప్పిందట. ఆలోచిస్తుందో లేదో ఆమెకే తెలియాలి.

నిన్న పొద్దున లాగ్‌లో ఆ పేరు కనిపించలేదు. ఆదివారం కాదు, అమావాస్య కాదు. టీ చల్లారిపోయింది. నేత్రావతి ఇంకోసారి చూసి, మళ్ళీ చూసి, చివరికి ఫోన్ తీసింది.

"అప్పా, నేను నేత్రావతిని. ఏం, ఇంకా బిళ్ళ తగిలించలేదే?"

అటువైపు గొంతు నాకు కూడా వినిపించింది. "కరెంటు లేదమ్మా, అందుకే. అయ్యో, నువ్వు ఎదురుచూస్తా ఉండావా? ఇదో, కరెంటు వస్తానే తగిలిస్తాను."

"ఉంటానప్పా" అంది నేత్రావతి. "నేను ఇక్కడే ఉంటాను."